రెండో అంకాలదిన్నె

అంకాలదిన్నె బళ్ళో ప్రధానోపాధ్యాయురాలు ప్రమీలమ్మే, ఉపాధ్యాయురాలూ ప్రమీలమ్మే, పొద్దున్నే గంట కొట్టేదీ ఆవిడే. అలాంటి ప్రమీలమ్మకు జూలై నెలలో ఒక సోమవారం నాడు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగమన్నాక ఎప్పుడో ఒకప్పుడు తట్టాబుట్టా సర్దుకోవలసిందే గదా అని నిట్టూర్చి, ఏ ఊరికి వేశారా అని చూసింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. అంకాలదిన్నె నుంచి అంకాలదిన్నెకు వేశారు. దూరం సున్నా కిలోమీటర్లనీ, అందువల్ల ప్రయాణ భత్యం వర్తించదనీ కింద రాశారు.

ఆవిడ నవ్వుకుని ఎం.ఈ.ఓ. సాంబశివారెడ్డికి ఫోను చేసింది.

"ఏంది సార్ ఇది? ఉన్న ఊరికే బదిలీ చేసినారు!"

"నేనూ అచ్చుతప్పనుకున్నానమ్మా. కాదంట. కంప్యూటర్లో అంకాలదిన్నెలు రెండుండాయి. మీరుండేది మొదటిది. రెండో దాంట్లో టీచరు లేరు. అందుకని అన్నిటికంటే దగ్గరుండే ఊరి నుంచి మిమ్మల్ని వేసినారు."

"ఆ రెండోది యాడుంది సార్?"

"నాకేం తెలుసు తల్లీ. మీరు చేరినాక మీరే నాకు చెప్పండి."

ఉత్తర్వు రెండో పేజీ చదివేసరికి ప్రమీలమ్మ నవ్వు ఎగిరిపోయింది. మొదటి అంకాలదిన్నె బడికి ఇకమీదట టీచరు లేరు గనుక ఆ బడిని వచ్చే నెల మూసివేస్తారు. పిల్లలు నల్లగుట్టపల్లె బడికి వెళ్ళాలి. నల్లగుట్టపల్లెకు వెళ్ళాలంటే కంకర క్వారీ దారిలో నడవాలి. ఆ దారిలో టిప్పర్లు మనిషిని చూసి ఆగవు. పోయిన ఏడాది ఊరి కాపరి నరసింహులు గొర్రెల మందలో సగం టిప్పరు చక్రాల కింద పోయింది. అలాంటి దారిన చిన్నపిల్లల్ని ఏ తల్లి పంపుతుంది? మగపిల్లల్ని గొర్రెల వెంట తోలతారు, ఆడపిల్లల్ని కలుపు తీతకు తీసుకుపోతారు. ఐదో తరగతి చౌడేశ్వరి లాంటి చురుకైన పిల్లను తలచుకోగానే ప్రమీలమ్మ ఉత్తర్వు మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ సాయంత్రమే బస్సెక్కి జిల్లా కేంద్రానికి బయలుదేరింది.

ఆవిడ వెళ్ళిన చోటు పేరు జిల్లా అక్షర పారిశుద్ధ్య కార్యాలయం. ఈ కార్యాలయం పుట్టుక గురించి కాస్త చెప్పాలి. పాత కంప్యూటర్లలోని దస్త్రాలన్నిటినీ కొత్త కంప్యూటర్లలోకి ఎక్కించినప్పుడు దారిలో కొన్ని అక్షరాలు చెడిపోయాయి. ఒకచోట డబ్బా పడింది, ఇంకోచోట ప్రశ్నార్థకం పడింది, మరోచోట ఎవరూ ఎరగని గుర్తేదో వచ్చి కూర్చుంది. ప్రజల పేర్లలో ఇలా డబ్బాలు పడ్డంతవరకు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఒకనాడు ఒక పెద్ద అధికారి హోదాకు ముందే డబ్బా పడింది. ఆ వారంలోనే అసాధారణ అక్షరాలను వెతికి మార్చడానికి రాష్ట్రమంతటా కార్యాలయాలు వెలిశాయి.

మొదట్లో ఈ పని జోరుగానే సాగింది. ఎవరో ఉత్సాహవంతుడు ఉన్న చుక్కలన్నిటినీ చెత్త కింద లెక్కగట్టి, 'రీప్లేస్ ఆల్' అన్న మీట నొక్కి ఒక్క దెబ్బన ఎత్తేశాడు. వాక్యాల చివరి చుక్కలతో బాటు అంకెల మధ్య చుక్కలు కూడా పోయాయి. నాలుగున్నర మీటర్ల బావులు నలభై అయిదు మీటర్లయ్యాయి, తవ్విన కంట్రాక్టర్లకు ఆ లోతుకే బిల్లులు పాసయ్యాయి. అప్పటి నుంచి సంస్థను రెండుగా చీల్చారు. మొదటి అంతస్తులో వెతుకుడు విభాగం, రెండో అంతస్తులో మార్పిడి విభాగం. వెతికినవాడే మార్చేస్తే అధికార దుర్వినియోగానికి తావుంటుందని నియమం.

వెతుకుడు విభాగంలో ఆపరేటరు ఖాజావలి ప్రమీలమ్మను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఊళ్ళ జాబితా తెరిచాడు. నిజంగానే జాబితా మొదట్లో అంకాలదిన్నె, దాని కిందనే అంకాలదిన్నె ఉన్నాయి. మొదటి వరుస నిండా అంకెలు, రెండో వరుస నిండా సున్నాలు. ఖాజావలి రెండో పేరు ముందు కర్సరు గీతను నిలిపి బాణం మీట నొక్కాడు. గీత కదల్లేదు. మళ్ళీ నొక్కితే కదిలింది.

"చూసినారా మేడం? పేరు ముందర ఏదో కూచోనుంది. కంటికి కనపడదు. కానీ దాని వల్లనే కంప్యూటరు ఇది వేరే ఊరనుకుంటాంది," అని ఉన్నట్టుండి నాలిక కరుచుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేడం, ఇది మా వినాయకుడు."

"వినాయకుడేంది నాయనా?"

"ఈ ఉద్యోగానికి ముందర పెళ్ళికార్డులు కొట్టే షాపులో చేసినా మేడం. ఏ పని మొదలుపెట్టినా ఫస్టు వినాయకుడి బొమ్మ పెట్టల్ల, లేకుంటే మా సేటు ఊరుకునేవాడు కాదు. అట్లనే చెయ్యి అలవాటైపోయింది. ఈ జాబితా కొట్టినప్పుడు కూడా మొదటి ఊరి పేరు ముందర చిన్న వినాయకుణ్ణి పెట్టి, సార్లు తిడతారని తెల్లరంగు వేసినా. కొత్త కంప్యూటర్లో ఆ బొమ్మ లేదు. బొమ్మ పోయి దాని చోటు మాత్రం మిగిలిపోయింది. పాత జాబితాతో కలిపినప్పుడు కంప్యూటరు దీన్ని వేరే ఊరనుకుని కింద ఇంకో వరుస వేసేసింది."

ప్రమీలమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఇంతేనా! మరి తీసెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది."

"డిలీట్ కొడితే ఒక్క సెకను పని మేడం. కానీ చూడండి," అని ఖాజావలి కీబోర్డు తిప్పి చూపించాడు. డిలీట్ మీట ఉండాల్సిన చోట గుంత ఉంది. "వెతుకుడు విభాగంలో ఆ మీటలన్నీ పీకేసినారు. అవి పైనుండే మార్పిడి విభాగంలో ఉండాయి."

"అయితే పైకే పోదాం పద."

"అక్కడ మీటలుండాయి గానీ స్క్రీన్లు లేవు మేడం. చూడడం మా విభాగం పని గదా. వాళ్ళు చూస్తే నియమం తప్పినట్టు."

ఇక సూపరింటెండెంటు తిరుమలయ్యను ఆశ్రయించక తప్పలేదు. ఆయన మర్యాదస్తుడు. ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విని తల పంకించాడు.

"తమ బాధ న్యాయమైనదేనమ్మా. అయితే అక్షరము అసాధారణమైనదని మేము ధ్రువీకరించవలెనన్న, దాని ఆకారము, ఎత్తు, వెడల్పు నమోదు చేసి ఛాయాచిత్రము జతపరచవలెను."

"కనపడని దాన్ని ఫోటో ఎట్ల తీస్తారు సార్?"

"అది దరఖాస్తుదారు బాధ్యత."

ప్రమీలమ్మ బస్టాండు పక్క స్టూడియోలోంచి ఒక ఫోటోగ్రాఫరును బతిమాలి తీసుకొచ్చింది. అతను స్క్రీను మీద ఏమీ లేని చోటును దగ్గర నుంచీ, దూరం నుంచీ, వెలుతురు మార్చీ తీశాడు. ఆ ఖాళీ ఫోటోల మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నారు. అధికారి వాటిని ఫ్యాను కింద అటూ ఇటూ తిప్పి చూసి, అసలు ఖాళీకి ఇది నిజమైన నకలేనని రాసి ముద్ర వేశాడు. ఫైలు రెండో అంతస్తుకు కదిలింది. టీచరు సంబరపడి పిల్లలకు బొరుగుల లడ్లు కూడా కొనుక్కుని ఊరికి వెళ్ళింది.

ఆ సంబరం మూణ్ణాళ్ళయినా నిలవలేదు. కనబడని అక్షరం ఏదని ఫైల్లో అడిగిన చోట నిజాయితీపరుడైన ఖాజావలి 'వినాయకుడు' అని రాశాడు. దాంతో విషయం దేవుడిదయింది. దేవుణ్ణి తొలగించడానికి వీల్లేదని ఫైలు తేల్చడానికి వేసిన కమిటీలో సగంమంది, ప్రభుత్వ జాబితాలో దేవుణ్ణి ఉంచడానికి వీల్లేదని మిగతా సగంమంది భీష్మించుకున్నారు. చివరికి తిరుమలయ్యే మధ్యేమార్గం సూచించాడు. వినాయకుణ్ణి తీసివేయడానికి ఈ దేశంలో ఎవరికీ అభ్యంతరం లేని పద్ధతి ఒకటే ఉంది. అది నిమజ్జనం. కాబట్టి చవితి పండగ వెళ్ళాక తొమ్మిదో రోజున డిలీట్ మీట నొక్కాలని తీర్మానించారు.

"పండగ దాకా ఆగితే బడి ఉండదు సార్!" అని ప్రమీలమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది.

"అట్లయితే మార్పిడి విభాగాధిపతి భుజంగరావు గారిని కలవండమ్మా," అన్నాడు తిరుమలయ్య. "వారు తలచుకుంటే ఊరినే మార్చగలరు."

ఆయన అన్నమాట అక్షరాలా నిజమని ఆవిడకు ఆ తర్వాతగానీ తెలియలేదు.

భుజంగరావు గది పెద్దది, గొంతు ఇంకా పెద్దది. బల్ల మీద కీబోర్డు ఉంది, స్క్రీను లేదు. "గ్రామద్వయం విషయమై సమగ్ర పరిశీలన జరిపిన మీదట నేనొక నిర్ణయానికి వచ్చియున్నాను," అన్నాడాయన. "రెండో అంకాలదిన్నె మామూలు గ్రామం కాదు. సున్నా లోపాల గ్రామం పథకంలో రాష్ట్రంలో ప్రథమ స్థానం దానిదే. బడి మానేసిన పిల్లలు సున్నా. రక్తహీనత సున్నా. కొట్లాటలు సున్నా. ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు."

"అక్కడ మనుషులే లేరు గదా సార్!"

"మనుషులు లేరన్నది మీ అభిప్రాయం. లోపాలు లేవన్నది గణాంకం." ఆయన ఇంకో కాగితం తీశాడు. "ఇహ మీ ఊరి సంగతి. బోర్లు ఎండినవి, పిల్లల బరువు తగ్గినది, ఇంటింటికీ ఒక అర్జీ. ఒక వరుస నిండా ఎగుడుదిగుడు అంకెలు. ఇంకో వరుస చక్కగా, శుభ్రంగా ఉంది. ఈ రెండింటిలో అసాధారణమైనది ఏదో మీరే చెప్పండి. పారిశుద్ధ్యం దృష్ట్యా తీసివేయదగినది మీ ఊరే."

భుజంగరావు గడియారం చూసుకుని కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. కిందనుంచి వెతుకుడు విభాగంవారు ఫోనులో దారి చెబుతుంటే, ఇంకా కిందికి, ఇంకొంచెం పైకి అంటుండగా, ఒక మీట నొక్కాడు. బడుల జాబితా వరకు మొదటి అంకాలదిన్నె ఉండే చోట రెండో అంకాలదిన్నె వచ్చి చేరింది.

"మీరు అదృష్టవంతులు," అన్నాడాయన. "రెండో అంకాలదిన్నెకు మీరు ఇదివరకే బదిలీ అయియున్నారు. దూరం సున్నా కనుక భవనం కూడా అదే. నేను వచ్చి తనిఖీ చేసి విద్యార్థులు సున్నా అని నిర్ధారించిన యెడల, దానిని ఆదర్శ పాఠశాలగా ప్రకటిస్తాము. ఆదర్శ పాఠశాలను మూయడం ఎవరి తరమూ కాదు."

"మరి పిల్లలుంటే?"

"ఆ ఊరికి పిల్లలు లేరు. ఉన్నట్టు కనబడితే వారు తొలగించబడిన గ్రామమునుండి చొరబడినవారగుదురు. బడి రద్దగును. మీకు కొండల్లోకి బదిలీ అగును."

ఊరికి తిరిగొచ్చే బస్సులో ప్రమీలమ్మ కిటికీ ఊచకు తల ఆనించి ఆలోచించింది. పిల్లలు లేరంటే బడి ఉంటుంది. ఉన్నారంటే బడి పోతుంది. బడి ఉండడమే కదా కావలసింది! రాసేది కాగితం మీద, చదివేది గదిలో. కాగితం మీద ఎవరూ లేకపోతేనేం, గదిలో ఉంటే చాలనుకుంది. అనుకున్నాక మనసు కొంచెం తేలికపడింది.

తనిఖీ రోజు పొద్దున్నే పిల్లలందరినీ బడి వెనకగోడ చాటున కూర్చోబెట్టింది.

"సారు వచ్చి పోయేదాకా గుప్‌చుప్. ఎవ్వరూ కిక్కురుమనగూడదు, తెలిసిందా?"

చౌడేశ్వరి లేచి నిలబడింది. ఆ పిల్లకు అడగకుండా ఊరుకోవడం చేతకాదు. "ఎందుకు టీచర్? మేము ఉండాం గదా?"

"ఉండారు తల్లీ. ఈ ఒక్క పూట లేనట్టు ఉండండి. మీ మేలుకే చెప్తాండా."

భుజంగరావు కారు దిగి, చెప్పులు విప్పి, ఖాళీ గదిలోకి గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళాడు. బెంచీల కింద చూశాడు. నల్లబల్ల మీద వేలితో రుద్ది సుద్దపొడి లేదని సంతోషించాడు. "ఎంతటి క్రమశిక్షణ! ఎంతటి నిశ్శబ్దం!" అన్నాడు. నియమం ప్రకారం తరగతిని ప్రశ్న అడగాలి. గొంతు సవరించుకుని ఖాళీ బెంచీలవైపు తిరిగి, "ఏడు ఎనిమిదులు ఎంత?" అన్నాడు.

"యాభై ఆరు!" అని గోడవతల నుంచి బడి మొత్తం అరిచింది. అందరికంటే పైన చౌడేశ్వరి గొంతు.

ప్రమీలమ్మ గుండె గుభేలుమంది. ఆ గుభేలులోనే, దేవుడా, ఎంత బాగా చెప్పారర్రా అని కడుపు నిండినట్టూ అయింది. భుజంగరావు తల ఎత్తి గోడను చూశాడు, చేతిలోని జాబితా చూశాడు, మళ్ళీ గోడను చూశాడు.

"సమాధానం సరియైనదే," అన్నాడు చివరికి. "చెప్పినవారు లేరు. కాబట్టి తప్పు సమాధానాలు సున్నా అని రాసుకుందాం."

ఆయన సంతకం పెట్టి ఆవిడ చేత కూడా పెట్టించాడు. రెండో అంకాలదిన్నెలో బడి ఈడు పిల్లలు ఎవరూ లేరని ధ్రువీకరిస్తున్నట్టు పైన రాసి ఉంది. ప్రమీలమ్మ ఆ వాక్యం మీద చూపు నిలపకుండా గబగబా పేరు గీకేసింది. కారు మలుపు తిరగ్గానే పిల్లలు గోడెక్కి దూకి వచ్చారు. ఊరు ఊరంతా వచ్చి టీచరుకు దండ వేసింది. బడి నిలబెట్టిన తల్లివంటూ ముసలివాళ్ళు చేతులు పట్టుకున్నారు. బడికి ఆదర్శ పాఠశాల అన్న బోర్డు కూడా వచ్చింది.

లేని పిల్లలకు పుస్తకాలు రావు గనుక పాతవాటికే అట్టలు వేసుకుని చదువుకున్నారు. మధ్యాహ్న భోజనం ఆగింది గనుక ఇళ్ళ నుంచి గిన్నెలు తెచ్చుకున్నారు, తేలేని వాళ్ళకు టీచరు తన గిన్నెలోంచి పెట్టింది. వానలకు కప్పు కారింది. ఎవరూ తడవని గదికి మరమ్మతు అవసరం లేదని జవాబు వచ్చింది. అయినా చదువు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. అదే పదివేలనుకుంది ప్రమీలమ్మ.

మధ్యలో చవితి పండగ వచ్చి వెళ్ళింది. తొమ్మిదో రోజున జిల్లా కార్యాలయంవారు కంప్యూటరును ట్రాక్టరు మీద ఎక్కించి, తప్పెట్లు మోగిస్తూ కాలువ దాకా ఊరేగించారు. మార్పిడి విభాగంవారు డిలీట్ మీట ఉన్న కీబోర్డు తెచ్చారు, వెతుకుడు విభాగంవారు స్క్రీను తెచ్చారు. ఆ రెండూ ఒకచోట చేరడం సంస్థ చరిత్రలో అదే మొదటిసారి. ఖాజావలి గీతను సరిగ్గా పేరు ముందు నిలిపి, మనసులో క్షమాపణ చెప్పుకుని, మీట నొక్కాడు. కంప్యూటరు ప్రభుత్వ ఆస్తి గనుక దాన్ని నీళ్ళలో ముంచలేదు. అంకాలదిన్నె పేరు ముందున్న కనబడనిది పోయింది. ఇప్పుడు బడుల జాబితాలో ఒకటే అంకాలదిన్నె, ఏ అసాధారణ అక్షరమూ లేకుండా, నిండా సున్నాలతో. తిరుమలయ్య ప్రమీలమ్మకు స్వయంగా ఫోను చేసి, మీ సమస్య పూర్తిగా పరిష్కారమైనదని తెలియజేశాడు.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజున చౌడేశ్వరి కొత్త గౌను వేసుకుని, సంచీ తగిలించుకుని, వాళ్ళ నాయన వెంట పెద్దమడుగు హైస్కూలుకు వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి ప్రమీలమ్మ ముందు నిలబడింది. వాళ్ళ నాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"టీసీ తెమ్మన్నారు టీచర్. అది ఉంటేనే ఆరులో చేర్చుకుంటారంట."

ప్రమీలమ్మ నవ్వుతూ సరేనంది. ఒకటి నుంచి ఐదు దాకా తన చేతులతో నేర్పిన పిల్ల. బీరువాలో టీసీ పుస్తకం వెతికింది. అది కనిపించలేదు. ఆదర్శ పాఠశాలకు అది అవసరం లేదని ఎప్పుడో వెనక్కు తీసుకుపోయారని గుర్తొచ్చింది. ఎం.ఈ.ఓ.కు ఫోను చేసింది.

"లేని పిల్లకు టీసీ ఎట్ల ఇస్తారమ్మా?" అన్నాడు సాంబశివారెడ్డి.

"పిల్ల నా ముందరే నిలబడుంది సార్. క్లాసులో ఫస్టు."

"నిలబడుండచ్చు తల్లీ. నేను కాదనను. కానీ ఆ ఊర్లో పిల్లలు ఎవ్వరూ లేరని రాసిచ్చింది నేనా? భుజంగరావు గారా? ఆయన సంతకం తనిఖీ చేసినట్టు మాత్రమే. లేరని ధ్రువీకరించింది మీరేనమ్మా. ఇప్పుడు ఉందని రాస్తే అప్పుడు మీరు అబద్ధం చెప్పినట్టు. లేదని రాస్తే టీసీ లేనట్టు. ఏది రాయమంటారో మీరే చెప్పండి. మీరు చెప్పినట్టే రాస్తా."

ప్రమీలమ్మ ఫోను బల్ల మీద పెట్టేసింది. ఆవిడకు కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. గుమ్మంలో చౌడేశ్వరి నాయన తలపాగా విప్పి చేతుల్లో నలుపుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

చౌడేశ్వరి దగ్గరికొచ్చి టీచరు కొంగు పట్టుకుంది.

"ఏడ్చద్దు టీచర్. ఐదో తరగతి మళ్ళా చదువుతాలే," అని చెప్పి, సంచీ తీసి, వెళ్ళి రెండో బెంచీలో తన చోట కూర్చుంది.